రివెట్ పోతే ఇంకోటి వస్తుంది, బెజ్జం పోతే రాదు

రాజమండ్రిలో పాత హేవలాక్ వంతెన గర్డర్లను దగ్గరగా చూస్తే ఇనుము మీద వరసలు వరసలుగా గుండ్రటి బొడిపెలు కనిపిస్తాయి. 1900లో రాకపోకలకు తెరిచిన ఆ వంతెన, 56 స్పాన్లతో, 1997 దాకా దాదాపు నూరేళ్లు రైళ్లను మోసింది. ఆ బొడిపెలు రివెట్ల తలలు. ఆ కాలంలో రివెట్‌ని కొలిమిలో ఎర్రగా కాల్చి, బెజ్జంలో దూర్చి, వేడి మీద ఉండగానే రెండో కొసను తలగా కొట్టేవారు. చల్లారే కొద్దీ కాడ కుంచించుకుని పలకలను ఒకదానికొకటి బిగించేది.

విమానం రివెట్ చూడటానికి దానికి చిన్న తమ్ముడిలా ఉంటుంది కానీ పనిచేసే తీరు వేరు. దీన్ని కాల్చరు, చల్లగానే కొడతారు. ఒక పక్క గాలి ఒత్తిడితో పనిచేసే రివెట్ గన్ తలని కొడుతుంటే, రెండో పక్క బకింగ్ బార్ అనే బరువైన ఇనుప దిమ్మ కాడ కొసకి ఆనించి ఉంటుంది. దెబ్బలకి కాడ ముందు అడ్డంగా ఉబ్బి బెజ్జాన్ని నింపుతుంది. ఆ తర్వాతే మిగిలిన కొస పరుచుకుని తలవుతుంది. వంతెన రివెట్ బలం ప్రధానంగా బిగింపులో ఉంటే, విమానం రివెట్ బలం నిండిన బెజ్జంలో ఉంటుంది. ఇంటి దగ్గర కిట్ విమానం, అంటే విడిభాగాలుగా వచ్చే విమానం, కట్టేవాళ్లు రివెట్ల విషయంలో పడే కష్టాలు చాలావరకు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి. అందరూ తల అందంగా వచ్చిందా లేదా అని చూస్తారు. చూడాల్సింది బెజ్జం.

రెండు సీట్ల అల్యూమినియం కిట్‌లో రివెట్లు పది వేలు దాటతాయి. వాటిలో ఎక్కువ భాగం రెండే సైజులు. అంగుళంలో 32వ వంతులతో లెక్క కాబట్టి 3/32 అంగుళం (2.38 మిల్లీమీటర్లు), 1/8 అంగుళం (3.18 మిల్లీమీటర్లు). గుండ్రటి తల ఉన్నదాన్ని ఏఎన్ 470 అనీ, రేకులో కలిసిపోయే చదును తలదాన్ని ఏఎన్ 426 అనీ అంటారు. పేరులో ఏడీ అని ఉంటే తల మధ్యలో చిన్న చుక్కలాంటి గుంట ఉంటుంది, అది 2117 మిశ్రమలోహానికి గుర్తు. ఆ లోహంతో సరిగ్గా కొట్టిన 1/8 రివెట్ ఒక్కటే కోత బలంలో, అంటే రేకులు పక్కకి లాగి కాడని తెంచాలని చూసినప్పుడు, సుమారు 175 కిలోలు తట్టుకుంటుంది, 3/32 రివెట్ సుమారు 98 కిలోలు. వరసలో ఒకటి కాస్త బలహీనంగా ఉన్నంత మాత్రాన రెక్క ఊడిపోదు, పక్కవి పంచుకుంటాయి. ఈ మాట గుర్తుంటే తర్వాత చాలా తప్పులు తప్పుతాయి.

తల కొలత సూత్రం తేలిక. రేకుల మందం దాటి కాడ ఒకటిన్నర వ్యాసాలు బయటికి రావాలి. కొట్టాక తల వెడల్పు ఒకటిన్నర వ్యాసాలు, ఎత్తు అర వ్యాసం ఉండాలి. 1/8 రివెట్ అయితే వెడల్పు 4.8, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ఇది ఆదర్శం. అమెరికా సైనిక ప్రమాణం మాత్రం వెడల్పు 1.3 వ్యాసాలకి, ఎత్తు 0.4 వ్యాసాలకి తగ్గకపోతే చాలంటుంది. ఈ రెండు కొలతల మధ్య ఉన్న రివెట్‌ని పట్టుకుని కొత్తవాళ్లు టెన్షన్ పడిపోతారు, తీసేసి మళ్లీ కొడతారు, అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

లోహం ఎక్కడికి పోతుందో ఒకసారి లెక్క వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. బయటికి వచ్చిన ఒకటిన్నర వ్యాసాల కాడ ఘనపరిమాణాన్నీ, సూత్రం ప్రకారం రావాల్సిన తల ఘనపరిమాణాన్నీ పోల్చితే, తలకి పట్టేది ముప్పావు వంతే. మిగతా పావు వంతు బెజ్జం నింపడానికీ, తల అంచుల ఉబ్బుకీ పోతుంది. బెజ్జం వెడల్పైపోతే ఆ పావు చాలదు, తల కోసం ఉన్న లోహం కూడా లోపలికే పోతుంది. తల చిన్నగా వచ్చిందని గన్ పట్టుకున్న మనిషి ఇంకా కొడతాడు. తల పలచబడుతుంది, చుట్టూ రేకు పొంగుతుంది. తప్పు గన్‌ది కాదు, పది నిమిషాల ముందు డ్రిల్ పట్టుకున్న చేతిది.

ఆ డ్రిల్ బిట్ సంగతి గోదావరి జిల్లాల్లో కట్టేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కిట్ ప్లాన్లలో బిట్లు నంబర్లతో ఉంటాయి. 3/32 రివెట్‌కి 40 నంబరు, 1/8కి 30 నంబరు. 40 నంబరు బిట్ 2.49 మిల్లీమీటర్లు, హార్డ్‌వేర్ షాపులో దొరికే 2.5 బిట్ దాదాపు అదే. 30 నంబరు బిట్ 3.26 మిల్లీమీటర్లు. షాపులో దొరికేవి 3.2, 3.3. మొదటిదానితో రివెట్ బిగుతుగా దూరుతుంది, ఒక్కోసారి నెట్టి దూర్చాలి, కాడ గీసుకుంటుంది. రెండోదానితో వదులు. అందుకే నంబరు బిట్లు, వీలైతే అదే సైజు రీమర్లు (బెజ్జాన్ని కచ్చితమైన కొలతకి నున్నగా కోసే పనిముట్లు), కిట్‌తో పాటే తెప్పించుకోవడం మేలు. చేత్తో సాన పెట్టిన బిట్ రెండు పళ్లూ సమానంగా ఉండవు కాబట్టి రాసిన సైజు కన్నా వెడల్పుగా కోస్తుంది. గేట్లు, గ్రిల్స్ పనిలో అది లెక్కలోకి రాదు. ఇక్కడ మిల్లీమీటరులో పదో వంతు కూడా లెక్కే.

బెజ్జం కోశాక అంచున లేచే ముల్లు, అంటే బర్ర్, తీయకపోవడం రెండో తప్పు. పై రేకుకీ కింద రిబ్‌కీ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డపట్టీ) మధ్య చిన్న ముల్లు గానీ, డ్రిల్ పొట్టు ముక్క గానీ, బియ్యం మిల్లు షెడ్డులో కడుతుంటే ఊక రేణువు గానీ ఉండిపోతే రేకులు ఆనవు. కొట్టినప్పుడు కాడ ఆ సందులోకి ఉబ్బి ఉంగరంలా గట్టిపడుతుంది. ఆ ఉంగరం సందుని ఎప్పటికీ మూసుకోనివ్వదు. బయటి నుంచి చూస్తే రెండు తలలూ చక్కగానే కనిపిస్తాయి. రివెట్ లోపాలన్నిటిలోకీ ఇదే చెడ్డది, ఎందుకంటే కంటికి దొరకదు. వెనక నుంచి లైటు వేసి చూడాలి, ఫీలర్ గేజ్ అనే పలచటి కొలత పట్టీ రేకుల మధ్య దూరుతుందేమో పరీక్షించాలి. దూరితే ఆ రివెట్ తీసేయక తప్పదు. నివారణ మాత్రం తేలిక. రేకులు విడదీసి, రెండు పక్కలా ముల్లు తీసి, తుడిచి, మళ్లీ కలిపి, దగ్గర దగ్గరగా క్లెకోలతో, అంటే బెజ్జాల్లో దూర్చి రేకులను తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగు పిన్నులతో, బిగించాలి. ముల్లు తీయడం అంటే అంచుని ఏటవాలుగా చెక్కేయడం కాదు. బిట్‌ని వేళ్లతో ఒకటి రెండు తిప్పులు తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే పలచటి రేకులో బెజ్జం అంచు కత్తిలా అవుతుంది.

కత్తి అంచు ఎంత ప్రమాదమో విమాన చరిత్ర చెబుతుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానం ఆకాశంలో ఉండగా ముందు భాగం పైకప్పు ఊడిపోయింది. అప్పటికి 89,680 సార్లు ఎగిరిన బోయింగ్ 737 అది. సముద్రపు గాలిలో దీవుల మధ్య తిరిగేది. రేకుల అతుకు దగ్గర జిగురు వదిలి, తుప్పు చేరి, చదును తల రివెట్ల కోసం కోసిన గుంతలు పలచటి రేకులో అవతలి దాకా దిగి కత్తి అంచులై, అక్కడి నుంచి పగుళ్లు మొదలయ్యాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి ఉప్పు గాలి కొట్టే కోనసీమలో విమానం కట్టాలనుకునేవాళ్లు ఈ ఒక్క ప్రమాద నివేదిక చదివినా ఎంతో నేర్చుకోవచ్చు. నియమం ఇది: 3/32 చదును రివెట్‌కి రేకు మందం 0.8 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే గుంత కోయకూడదు, డై (అచ్చు) పెట్టి నొక్కి రేకునే గుంతలా వంచాలి, దాన్నే డింపుల్ కొట్టడం అంటారు. డింపుల్‌లో లోహం పోదు, వంగుతుంది అంతే.

అయితే డింపుల్ కూడా బెజ్జం అంచు నున్నగా ఉంటేనే నిలుస్తుంది. 2023లో అమెరికా కిట్ విమానాల కంపెనీ వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ లేజర్‌తో కోయించిన కొన్ని భాగాల్లో, డింపుల్ కొట్టినప్పుడు బెజ్జాల అంచున పగుళ్లు వస్తున్నట్టు బయటపడింది. ఆ భాగాలను మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ దివాలా రక్షణ కోరడానికి దారితీసిన కారణాల్లో అదీ ఒకటి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ కిట్ విమానాలు ఎగిరేలా చేసిన కంపెనీనే బెజ్జం అంచు అంత ఇబ్బంది పెట్టిందంటే, ఇంటి షెడ్డులో భూతద్దం పెట్టి చూసుకోవడం అతి జాగ్రత్త ఏమీ కాదు.

ఇక కొట్టేటప్పుడు వచ్చే లోపాలు. తల ఒక పక్కకి పడిపోవడం అందరికీ ఎదురయ్యేదే. బార్ నిటారుగా ఆనకపోయినా, రివెట్ పొడుగెక్కువైనా అలా వాలుతుంది. వాలడం మొదలవగానే ఆపి, బార్‌ని కాస్త వంచి ఎదురు పక్కకి నెడుతూ రెండు దెబ్బలు వేస్తే సర్దుకుంటుంది. పూర్తిగా పడుకున్నాక ఏం చేసినా లేవదు. పొడుగు రివెట్ దొరికింది కదా అని వాడేయడం కన్నా రివెట్ కట్టర్‌తో సరిపడా కోసుకోవడం మంచిది.

రేకు మీద నెలవంకలాంటి గాటు పడటం ఇంకోటి. గుండ్రటి తలకి పట్టే కప్పు సైజు తేడా అయినా, గన్ పక్కకి జారినా ఇది వస్తుంది. లోతులేని నొక్కుడైతే అందం మాత్రమే పోతుంది. గోరు తగిలితే ఆగేంత పదునైన గాటైతే దాన్ని సన్నటి ఎమెరీ కాగితంతో నున్నగా చేయాలి, పగులు మొదలయ్యేది అలాంటి చోటే.

తల అంచున చీలికలు వస్తే మాత్రం చాలామంది కారణం తప్పుగా ఊహిస్తారు. తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి బిందెలు కొట్టేవాళ్లని అడిగితే వెంటనే చెబుతారు: కొట్టే కొద్దీ లోహం గట్టిపడుతుంది, గట్టిపడ్డాక ఇంకా కొడితే చీలుతుంది. అందుకే వాళ్లు మధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. రివెట్‌ని అలా కాల్చే వీలు లేదు, కాలిస్తే దాని బలం పోతుంది. కాబట్టి తక్కువ దెబ్బల్లో పని ముగియాలి. భయపడి గాలి ఒత్తిడి బాగా తగ్గించి, టకటకమని పది సెకన్లు కొట్టడం తప్పు. 3ఎక్స్ సైజు గన్‌లో చిన్న రివెట్‌కి 40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, వ్యర్థ రేకు మీద ప్రయత్నిస్తూ, రెండు మూడు సెకన్లలో తల తయారయ్యేలా సర్దుకోవాలి. ఒక్కో గన్‌కి ఒక్కో లెక్క కాబట్టి అంకె కన్నా సెకన్లే నమ్మదగ్గ గుర్తు.

కంప్రెసర్ విషయానికి వస్తే, పంక్చర్ షాపులో ఉండేలాంటిదే సరిపోతుంది. కానీ వానాకాలంలో ఇక్కడి గాలిలో ఉండే తేమ ట్యాంకులో నీరై చేరుతుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదలాలి, గన్‌కి ముందు నీటిని వేరుచేసే ఫిల్టర్ పెట్టాలి. లేకపోతే గన్ లోపల తుప్పు పట్టి దెబ్బ ఒకసారి బలంగా, ఒకసారి నీరసంగా పడుతుంది. కొట్టే మనిషి తన చేతినే అనుమానించుకుంటాడు. కరెంటు వోల్టేజీ పడిపోయిన సాయంత్రాల్లో కంప్రెసర్ వెనకబడినా ఇదే జరుగుతుంది. అలాంటప్పుడు రివెట్లు ఆపి, రేకులు శుభ్రం చేసే పని పెట్టుకోవడం నయం.

ఎండ సంగతి కూడా తక్కువది కాదు. అల్యూమినియం మీటరుకి, ఒక్కో డిగ్రీకి 23 మైక్రాన్లు సాగుతుంది. రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల రేకు 20 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరు పైచిలుకు పెరుగుతుంది. రేకు, అస్థిపంజరం రెండూ ఒకే వేడిలో ఉంటే రెండూ కలిసి సాగుతాయి, బాధ లేదు. రేకు మీద కిటికీలోంచి ఎండ పడుతూ, కింద స్పార్ (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలం) నీడలో చల్లగా ఉంటేనే చిక్కు. ఒక కొస నుంచి రివెట్లు కొట్టుకుంటూ వస్తే రెండో కొసలో బెజ్జాలు తప్పుకుంటాయి, లేదా సాయంత్రం చల్లబడ్డాక రేకు బిగదీసుకుంటుంది. మధ్యాహ్నం బెజ్జాలు కలవలేదని బిట్ పెట్టి సాగదీసే బదులు, తెల్లవారుజామున వచ్చి చూస్తే అవే కలుస్తాయి. పొడుగు రేకులు పొద్దున్నే కొట్టడం, మధ్య నుంచి రెండు పక్కలకీ పోవడం ఇక్కడి ఎండలకి తగిన పద్ధతి. షెడ్డు కొబ్బరి చెట్ల కింద లేకుండా చూసుకోవాలి. రేకుల కప్పు చిల్లుపడి కాయ లోపల పడితే నెలల కష్టం సొట్టపోతుంది.

అదే షెడ్డులో ఇనుప గేట్ల వెల్డింగు, గ్రైండింగు జరగకూడదు. గ్రైండర్ నిప్పురవ్వల్లోని ఇనుప రజను అల్యూమినియంలో గుచ్చుకుని ఉప్పు గాలికి తుప్పు మొలకలవుతుంది. చెమట చేతులతో తాకిన ముద్రలు కూడా ప్రైమర్ కింద ఉండిపోతే అక్కడ రంగు పొంగుతుంది. నూలు గ్లవ్స్ వేసుకుని, తుడిచి, ఆ రోజే ప్రైమర్ కొట్టేయాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. లోపమున్న రివెట్‌ని తీసేయాలా, ఉంచేయాలా? తీసే పద్ధతి కాగితం మీద సులువే. తల మధ్యలో ఉన్న చుక్క దగ్గర, ఆ రివెట్ బెజ్జానికి వాడిన సైజు బిట్ పెట్టి, తల మందం వరకే కోయాలి. పిన్ పంచ్‌తో తలని పక్కకి వంచి విరచాలి. వెనక దిమ్మ ఆనించి కాడని మెల్లగా బయటికి తట్టాలి. ఆచరణలో బిట్ మధ్య నుంచి జారుతుంది, లోతెక్కువ దిగుతుంది, బెజ్జం కోలగానో ఎనిమిది అంకెలాగానో అవుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇదే. చదును తల రివెట్ అయితే ఒక దారి ఉంది. కాడ ఒక సైజు పెద్దదై, తల మాత్రం చిన్నదానంతే ఉండే ఎన్ఏఎస్ 1097 రివెట్ పెట్టొచ్చు. అయినా పెద్ద సైజుకి వెళితే అంచు దూరం లెక్క మారుతుంది. బెజ్జం మధ్య నుంచి రేకు అంచు దాకా కనీసం రెండు వ్యాసాలు ఉండాలి. 3.2 రివెట్‌కి 6.4 మిల్లీమీటర్లు సరిపోతే, దాని పై సైజుకి 8 కావాలి. ఆ అదనపు 1.6 మిల్లీమీటర్లు రిబ్ అంచులో లేకపోతే ఆ రిబ్ మొత్తం మార్చాల్సిందే.

మరమ్మతు తప్పు ఎంత దూరం తీసుకెళ్తుందో 1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 123 ప్రమాదం చూపించింది. 1978లో తోక నేలకి తగిలిన ఆ విమానంలో లోపలి గాలి ఒత్తిడిని ఆపే వెనక గోడని బాగుచేసినప్పుడు, రెండు వరసల రివెట్లు మోయాల్సిన బరువు ఒకే వరస మీద పడేలా అతుకు పలకని అమర్చారు. ఏడేళ్లకి ఆ వరస దగ్గర గోడ తెగింది. 520 మంది చనిపోయారు. చిన్న కిట్ విమానంలో గాలి ఒత్తిడి గోడలు ఉండవు, కానీ సూత్రం అదే.

కాబట్టి కొట్టిన తల కాస్త వాలినా, కనీస కొలతలకి తగ్గకుండా ఉంటే ఉంచేయడమే మంచిది. ఎత్తు కాస్త ఎక్కువగా ఉంటే ఇంకో దెబ్బ వేస్తే సరిపోతుంది, అది ఎప్పుడైనా చేయొచ్చు. రేకుల మధ్య సందు, తల పగులు, కదిలే రివెట్, రేకుకి ఆనని ఫ్యాక్టరీ తల (రివెట్‌తో పాటే వచ్చే తల), ఈ నాలుగూ తీసేయాల్సినవి. మిగతావాటికి తొందర వద్దు. సందేహమైనదానికి మార్కర్‌తో చుక్క పెట్టి వదిలేసి, మర్నాడు గేజ్‌తో చూస్తే సగానికి సగం బాగానే ఉన్నట్టు తేలుతుంది. ఒకే రిబ్‌లో వరసగా మూడు నాలుగు చెడిపోతే ఒక్కొక్కటీ బాగుచేసుకుంటూ పోకుండా పని ఆపాలి. గన్, బార్, రివెట్ పొడుగు, మనిషి అలసట, వీటిలో ఏదో మారి ఉంటుంది.

గన్ పని ఇద్దరిది. బావ గన్ పట్టుకుంటే బావమరిది బార్ పట్టుకోవచ్చు, భార్యాభర్తలు కలిసి చేయొచ్చు. చెవులకి మఫ్స్ ఉంటాయి కాబట్టి మాటలు వినపడవు. దానికి పాత విమాన కర్మాగారాల్లో ఒక పద్ధతి ఉండేది. బార్ పట్టుకున్నవాళ్లు రివెట్‌ని ఒకసారి తడితే ఇంకా కొట్టమని, రెండుసార్లు తడితే బాగుందని, మూడుసార్లు తడితే పాడైంది, తీయాలని. నిర్ణయం బార్ పక్కన ఉన్నవాళ్లది. వయసులో చిన్నవాళ్లయినా తయారయ్యే తలని చూస్తున్నది వాళ్లే. ఇళ్లలో ఈ పని చేసేటప్పుడు పెద్దరికం గన్ వైపు ఉండిపోవడం వల్ల చెడిన రివెట్లు తక్కువేమీ ఉండవు.

రెక్క కింది రేకు మూసేటప్పుడు చేయి లోపలికి దూరే చోటు ఉండదు. సన్నటి చేయి ఉన్నవాళ్లు, చిన్నదైనా బరువుండే టంగ్‌స్టన్ బార్, అద్దం, చిన్న టార్చి కావాలి. మూసేశాక ఆ తలలు తనిఖీ మూతల్లోంచి అద్దంలో తప్ప కనిపించవు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి, తనిఖీ లేకుండా ఇలాంటి విమానం ఎగరకూడదు కాబట్టి, మూయక ముందే ప్రతి వరసనీ ఫోటో తీసి, రిబ్ నంబరు, తేదీ, వాడిన రివెట్ సైజు, తీసి మళ్లీ కొట్టినవి ఎక్కడున్నాయో నోట్‌బుక్‌లో రాసిపెట్టాలి. లోపల డ్రిల్ పొట్టు, విరిగిన కాడలు ఉండిపోకుండా వ్యాక్యూమ్ పెట్టి లాగేయాలి. రెక్కని నిలబెట్టి ఒకసారి ఊపి, గలగల వినిపించకపోతేనే ఆఖరి రేకుకి క్లెకోలు పెట్టడం మొదలుపెట్టాలి.